హనీఫ్ సార్ సాక్ష్యం

మా నాన్న ఆర్థర్ రైల్వేలో గార్డు. మేము మారేడ్‌పల్లిలో ఉండేవాళ్ళం. 1946లో నేను కాలేజీలో చేరినప్పుడు మా తరగతిలో ఆడపిల్లలం నలుగురమే. చరిత్ర చెప్పడానికి వచ్చిన మనిషి గడ్డంతో, మోచేతుల దగ్గర రంగు వెలిసిన షేర్వానీతో ఉన్నారు. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు.

"దేవకృప. మంచి పేరమ్మా. ఎవరు పెట్టిన్రు?" అని తెలుగులో అడిగారు.

పాఠమైతే ఉర్దూలోనో, లేకపోతే ఇంగ్లీషులోనో జరిగే రోజులవి. మౌల్వీ పట్టా ఉన్న మనిషి, అరబ్బీ ఫార్సీ రెండూ కరతలామలకమైన మనిషి, మా ఇంటి పక్కవాళ్ళలా తెలుగు మాట్లాడేసరికి నేను తల ఎత్తి ఆయన్ను మళ్ళీ చూశాను. ఆయన పేరు దూదేకుల హనీఫ్. ఆ ఇంటిపేరును చాలామంది ఎగతాళిగా పలికేవారు. ఆయన మాత్రం తలుపు మీద పలకలో అదే రాయించుకున్నారు.

వాళ్ళది బన్సీలాల్‌పేట్. తండ్రి లాల్ సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కంటోన్మెంటు సిపాయిల బారకాసులకు వందల పరుపులు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయట. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకు కావలసిన నాలుగు అరబ్బీ వాక్యాలు తప్ప లాల్ సాహెబ్‌కు మరో భాష రాదు. బోనగిరి దగ్గర తాతల నాటి రెండెకరాల మెట్ట చెలక ఉండేది. ఒకనాడు తహసీలు కచేరీకి పిలిపించి ఏదో ఉర్దూ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. చెలక తనది కాకుండా పోయిందని ఆయనకు ఆరునెలల తర్వాత తెలిసింది. అడగడానికి వెళితే గుమాస్తా నవ్వాడు.

"సాయిబువై ఉండి ఉర్దూ రాదా నీకు?"

పన్నెండేళ్ళ హనీఫ్ తండ్రి పక్కనే నిలబడి ఆ నవ్వు విన్నాడు. చెలక పోయినందుకు కంటే ఆ నవ్వుకే తనకు ఎక్కువ మండిందని సార్ మాతో ఒకసారి అన్నారు. ఆ మంటతోనే చదివారు. మసీదులో అరబ్బీ నేర్చుకున్నారు, ఒక ముసలి మున్షీ కాళ్ళొత్తి ఫార్సీ నేర్చుకున్నారు, తర్వాత విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి ఎం.ఏ. అయ్యారు. ఇరవై అయిదో ఏట ఒక పుస్తకం పని మొదలుపెట్టారు. కచేరీల్లో, కోర్టుల్లో రాసే ప్రతి ఉర్దూ, ఫార్సీ మాటకూ రైతుకు అర్థమయ్యే తెలుగు రాయడం. ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క. మాట, దాని అర్థం, అది ఏ కాగితంలో ఎలా వస్తుంది, దాని కింద వేలిముద్ర వేస్తే ఏమవుతుంది, అన్నీ ఆ ముక్క మీదే. వాటిని కంటోన్మెంటు నుంచి వచ్చే ఖాళీ బిస్కెట్ డబ్బాల్లో వరసగా పేర్చేవారు. నేను చూసేనాటికి ఇరవై మూడు డబ్బాలయ్యాయి. పదిహేనేళ్ళ పని అది.

1948 వానాకాలానికి ఊరంతా ఉడికిపోతోంది. నిజాం రాజ్యం విడిగా నిలవాలని రజాకార్లు కవాతులు చేస్తున్నారు. పల్లెల నుంచి కాలిన ఇళ్ళ కబుర్లు వస్తున్నాయి. సరిహద్దుల్లో భారత సైన్యం చేరుతోందని రైళ్ళలో వచ్చేవాళ్ళు చెప్పేవారు. ఆగస్టు చివర్లో పేట పెద్దలు కొందరు సార్ దగ్గరకు వచ్చారు. శుక్రవారం నమాజు తర్వాత మసీదులో మాట్లాడమన్నారు. ఈ యుద్ధం మతధర్మమని ఒక ఆలిం నోట, మతం చదువుకున్న పండితుడి నోట వస్తే యువకులు కదులుతారని వాళ్ళ ఆశ. సార్ సరేనన్నారు.

శుక్రవారం నాడు లేచి నిలబడి, మొదట ఉర్దూలో, తర్వాత వెనక వరసల్లో ఉన్న దూదేకులవాళ్ళ కోసం తెలుగులో చెప్పారు.

"గద్దె కోసం జరిగే కొట్లాట ఇది. దీనికి అల్లా పేరు పెట్టకుండ్రి. పొరుగింటోని గుడిసె కాలబెట్టుమని ఏ ధర్మం చెప్పలే. మీ పిలగాండ్లను ట్యాంకుల ముందటికి తోలి, ఆనక షహీదులు, అమరులు అని ఏడ్వకుండ్రి. ఇంటికి తోల్కపోండ్రి."

ఈ మాటలు ఆ రోజు అక్కడున్నవాళ్ళు చెప్పగా విన్నవి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆయన చెప్పులు వెతుక్కుని తొడుక్కునేవరకూ అందరూ దారి వదిలి చూస్తూ నిలబడ్డారు.

తర్వాతి బుధవారం, సెప్టెంబర్ ఒకటో తేదీ పొద్దున, ఉద్యోగం నుంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు దస్తగీర్ వచ్చాడు. అతను సార్ దగ్గరే రెండేళ్ళు చదివినవాడు. అప్పటికి పేటలో రజాకార్ల దళానికి నాయకుడు. వెంట మరో నలుగురు. డబ్బాలన్నీ వాకిట్లోకి మోయించాడు. అడ్డం వెళ్ళిన సార్ కుడిచేయి పట్టుకుని గడపకేసి అదిమాడు. రెండు వేళ్ళు విరిగాయి.

తర్వాత నిప్పు పెట్టాడు. గట్టిగా పేర్చిన అట్టముక్కలు అంత సులువుగా అంటుకోవు. పైన నల్లబడి ఆరిపోతాయి. అందుకని దస్తగీర్ పీట వేసుకుని కూర్చుని, ఒక్కో డబ్బా విప్పి, పిడికెడు చొప్పున మంటలో వేస్తూ పోయాడు. సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ నమాజుకు అజా వినబడేదాకా అదే పని. సార్ గోడకానుకుని, విరిగిన చేయి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య జైతున్ బీ ఏడవలేదు. మధ్యలో మూడుసార్లు దస్తగీర్ మంచినీళ్ళు అడిగితే, ఆమె కుండలోంచి ముంచి ఇచ్చింది. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఎందుకిచ్చినవమ్మా?" అని అడిగాను.

"ఎండల నిప్పు దగ్గర కూసున్నడు. దూపైతది గదా బిడ్డా," అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

పన్నెండు రోజులకు పోలీస్ యాక్షన్ మొదలైంది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. పద్దెనిమిదో తేదీన సైన్యం సికింద్రాబాద్‌లోకి వస్తుంటే మేము మేడ మీద నుంచి చూశాం. జనం రోడ్ల మీద దండలతో నిలబడ్డారు. అదే సమయంలో ముస్లింలుండే కొన్ని వీధులు తలుపులు మూసుకుని ఊపిరి బిగబట్టాయి. ఇప్పుడు భయపడే వంతు వాళ్ళది. జిల్లాల నుంచి పారిపోయి వచ్చిన ముస్లిం కుటుంబాలు స్టేషను షెడ్లలో తలదాచుకున్నాయి. సార్ కట్టు కట్టిన చేత్తోనే శాంతి కమిటీలో తిరిగారు. హిందూ పెద్దలకు ఆయన మీద గురి ఉంది, మసీదులో మాట్లాడిన మనిషని. బన్సీలాల్‌పేట్‌లో ఒక్క ఇల్లు కూడా కాలలేదంటే ఆయన గల్లీ గల్లీ తిరిగినందువల్లే. కాలేజీ మళ్ళీ పిలిచింది. ఉద్యోగంలో చేరారు. కానీ ఆ రెండు వేళ్ళూ వంకరగానే అతుక్కున్నాయి. కలం పట్టుకుంటే జారిపోయేది.

1951 ఎండాకాలం నాటికి తొలి ఎన్నికల సందడి మొదలైంది. న్యాయవాది మధుసూదన్ రావు గారు ఒక పెద్ద పార్టీలో ముఖ్యులు, శాంతి కమిటీలో సార్‌తో కలిసి తిరిగినవారు. ఆయన సార్ ఇంటికి వచ్చి, హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు మీరు నిలబడాలి, టికెట్టు మీదే అన్నారు. సార్ వెంటనే ఒప్పుకున్నారు. సభలో మొట్టమొదట కచేరీ కాగితాలన్నీ తెలుగులో ఉండాలని అడుగుతానని మాతో చెబుతున్నప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లవాడిలా వెలిగిపోయింది.

ఆ వారంలోనే మాబూబీ వచ్చింది. ఆమె దస్తగీర్ తల్లి, పేటలో గాజులమ్మేది. దస్తగీర్ జైల్లో పడి అప్పటికి మూడేళ్ళు కావస్తోంది. బోనగిరి తోవలో ఒక ఊళ్ళో ఇద్దరు రైతులను కాల్చి చంపిన కేసు అతని మీద ఉంది. రుజువైతే ఉరి. చనిపోయినవాళ్ళలో ఒకరి భార్య బాలమ్మ అతన్ని గుర్తుపట్టింది. ఆ రోజు నేను సార్ ఇంట్లోనే ఉన్నాను. మాబూబీ గడప దాటి లోపలికి రాలేదు.

"నా కొడుకు మీకు చేసింది నాకెరుకే సార్. అడిగే మొకం లేదు. గని గా ఖూనీ వాడు చెయ్యలే. గా దినం వాడు ఈడనే ఉన్నడు."

"ఏ దినం?" అన్నారు సార్.

"సెప్టెంబర్ పైలా తారీఖంట. బుధవారం, పగటీలి మూడు గంటలప్పుడంట."

జైతున్ బీ చేతిలో చాట ఆగిపోయింది. సార్ తన వంకర వేళ్ళ వైపు చూసుకున్నారు. తర్వాత, "నువ్వు ఇంటికి పో అమ్మా. నేను ఆలోచన చేస్త," అన్నారు.

దస్తగీర్ వెంట వచ్చిన నలుగురూ కరాచీకో మరెక్కడికో వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం అతను ఎక్కడున్నాడో చెప్పగలిగినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే మిగిలారు. ఎవరి పదిహేనేళ్ళ పని కాలిందో వాళ్ళు.

సార్ మూడు రోజులు కాలేజీకి రాలేదు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి మధుసూదన్ రావు గారు అక్కడే ఉన్నారు. కబురు ఆయనకూ చేరింది.

"సార్, మీకు అబద్ధం చెప్పుమంటలేను," అన్నారాయన. "ఊకుంటే సాలు. ఎవరూ మిమ్ముల పిలుస్తలేరు. రజాకారును ఇడిపించినోడని పేరు పడ్డదంటే, నేను టికెట్టు ఇప్పియ్యలేను. ఇప్పిచ్చినా ఓట్లు పడయ్."

"నిజమే."

"మరి?"

"మాబూబీ తారీఖు చెప్పంగనే నాకేమైందో ఎరుకనా మధుసూదన్? సంతోషమైంది. వాడు ఉరెక్కుతడు, నేను ఊకుంటే సాలు, అనుకున్న. నా లోపల గంత సంతోషం ఉన్నదని నాకు నలభై మూడేండ్లు వచ్చినంక తెలిసింది. మూడు దినాలు దాంతోని కొట్లాడిన. ఇంక నాతోని కాదు. పోయి చెప్పొస్త."

మధుసూదన్ రావు గారు తల పట్టుకుని కూర్చున్నారు. పోతూ పోతూ మాత్రం సార్ వంకరవేళ్ళ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు.

సాక్ష్యం రోజున జైతున్ బీకి తోడుగా నేనూ కోర్టుకు వెళ్ళాను. మామూలు కోర్టు కాదు, అలాంటి కేసుల కోసం పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం. బోనులో దస్తగీర్ బక్కచిక్కి ఉన్నాడు. సార్‌ను చూసి తల తిప్పుకున్నాడు. ముందు వరసలో బాలమ్మ కూర్చుంది. ముప్పై దాటని మనిషి. కన్ను ఆర్పకుండా ముద్దాయినే చూస్తోంది.

సర్కారు వకీలు లేచాడు. "ముద్దాయి మీకు ఎట్ల తెలుసు?"

"నా దగ్గర రెండేండ్లు చదివిండు."

"ఆ దినం ఎక్కడ చూసిన్రు?"

"నా ఇంట్ల. పగలు రెండింటి నుంచి మగ్రిబ్ అజా దాకా ఆడనే ఉన్నడు."

"ఏం పని మీద?"

"నా పుస్తకం కాలబెట్టే పని మీద."

కోర్టులో గుసగుసలు లేచాయి. వకీలు నవ్వాడు. "కాగితాలు కాలబెట్టనీకి నాలుగు గంటలా? ఒక్క అగ్గిపుల్ల సాలదా?"

"కట్టగట్టిన కాయితం గట్ల కాలదు సార్. పైన నల్లగైతది, లోపల తెల్లగనే ఉంటది. ఇప్పి, పిడికెడు పిడికెడు ఎయ్యాలె. ఇరవై మూడు డబ్బాలు. ఓపిగ్గ చేసిండు."

తేదీకి రుజువేమిటని అడిగారు. సార్ జేబులోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి ఆ పొద్దున వచ్చిన ఉద్యోగం తీసేసిన ఉత్తరువు. రెండోది ఆ సాయంత్రం వేళ్ళకు కట్టు కట్టిన ఆసుపత్రి చీటీ. తర్వాత జైతున్ బీ బోనెక్కి మంచినీళ్ళ సంగతి చెప్పింది. మూడుసార్లు, ఏ కుండలోంచి, ఏ చెంబుతో, అంతా. జడ్జి కలం కింద పెట్టి ఆమెనే చూశారు. తర్వాత సార్ వైపు తిరిగారు.

"మీరు ఇతన్ని మాఫీ చేసినారా?"

"అది నన్నడగకుండ్రి హుజూర్. నాకే ఇంకా తెల్వదు. వాడు ఆ ఊర్లె లేడన్నది మాత్రం తెలుసు. అది చెప్పనీకి వచ్చిన."

నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఎవరో కూడా తెలియదు, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు సార్ అంటే గౌరవం ఎప్పుడూ ఉండేది. ఆ రోజు దానితోపాటు భయంలాంటిదేదో కూడా కలిగింది. మనతోపాటు తిని, మనతోపాటు నవ్వే మనిషి ఇంత ఎత్తున ఉన్నాడని తెలిసినప్పుడు కలిగే భయం.

బయట మెట్ల దగ్గర బాలమ్మ ఎదురొచ్చింది.

"వాడు కాదంటివి. మరి నా మొగుణ్ని చంపినోడెవడు? చెప్పు సాయిబూ. అది సుత నువ్వే చెప్పు."

కోర్టులో ఒక్కసారి కూడా తల దించని సార్ అక్కడ దించుకున్నారు. "నాకు తెల్వదు బిడ్డా," అన్నారు. ఆమె నేల మీద ఉమ్మి వెళ్ళిపోయింది.

ఖూనీ కేసులో దస్తగీర్‌ను వదిలేశారు. సార్ చేయి విరిచినందుకు, పుస్తకం కాల్చినందుకు వేసిన శిక్ష అప్పటికే జైల్లో గడిపిన రోజుల్లో సరిపోయింది. అతను విడుదలై పేటకు వచ్చాడు. సార్ ఇంటి వైపు మాత్రం రాలేదు. మోండా మార్కెట్లో ఒకసారి సారూ నేనూ నడుస్తుండగా ఎదురై, మమ్మల్ని చూసి పక్క సందులోకి తిరిగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క మాట అనడానికి కూడా రాడా సార్?"

"వాడు రావాలని నేను సాక్ష్యం చెప్పలేదు గదమ్మా," అన్నారు సార్. ఆగి, వంకాయలు బాగున్నాయో లేవో చూశారు.

పార్టీ టికెట్టు మరొకరికి వెళ్ళింది. సార్ స్వతంత్రంగా నిలబడ్డారు. మేము పదిమందిమి ఇల్లిల్లూ తిరిగాం. కొన్ని గడపల్లో రజాకారును విడిపించినవాడంటూ తలుపు వేశారు. ఇంకొన్ని గడపల్లో, అప్పట్లో మసీదులో మనవాళ్ళను కాదన్నవాడంటూ తలుపు వేశారు. చిత్తుగా ఓడిపోయారు. లెక్కింపు అయిన మర్నాడు పొద్దున్నే కాలేజీకి వచ్చి, వదిలిన చోటి నుంచి కాకతీయుల పాఠం ఎత్తుకున్నారు.

ఆ వేసవిలోనే పుస్తకం మళ్ళీ మొదలుపెట్టారు. చేయి రాయలేదు కనుక ఆయన చెబుతుంటే నేనూ, నాతో చదివిన ప్రభుదాసూ రాసేవాళ్ళం. అక్షరక్రమంలో ఒక్కో మాటా గుర్తు తెచ్చుకునేవారు. పాత ముక్క మీద ఏ మూల ఏం రాసిందీ కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఒకరోజు ప్రభుదాస్ ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఉర్దూ కచేరీలు పోతున్నయ్ గదా. ఇంక ఈ మాటలెవరికి పనికొస్తయ్?"

"కచేరీలు పోతయ్. కాయితాలు పోవు. వందేండ్ల దస్తావేజులు రైతుల పెట్టెలల్ల ఉన్నయ్. వాటిని ఎవరో ఒకరు చదివి చెప్పాలె గదా."

1956లో, హైదరాబాద్ రాష్ట్రమనేది లేకుండా పోయిన ఏడాదే, పుస్తకం అచ్చయింది. సికింద్రాబాద్ కోర్టుల్లో తెలుగు వకీళ్ళు దాన్ని చంకలో పెట్టుకుని తిరగడం నేను కళ్ళారా చూశాను. నేను అప్పటికి అదే కాలేజీలో తెలుగు చెబుతున్నాను.

ఈ మధ్యలో ఆయన మాతో చెప్పని పని ఒకటుంది. సెలవు దొరికినప్పుడల్లా బోనగిరి వైపు రైలెక్కేవారు. అక్కడ బంధువులున్నారేమో అనుకునేదాన్ని. ఆయన పోయాక గానీ నిజం తెలియలేదు.

1962లో, అరవై నిండకుండానే, గుండె ఆగి పోయారు. ఖననం అయిన సాయంత్రం నేను వెళ్ళేసరికి జైతున్ బీ పక్కన నెరిసిన జుట్టుతో ఒక పల్లెటూరి మనిషి కూర్చుని ఉంది. పొయ్యి దగ్గర పనంతా ఆమే చూస్తోంది. గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. బాలమ్మ.

మూడు రోజులూ ఆమె అక్కడే ఉంది. మూడో రోజు ఇద్దరం గిన్నెలు తోముతుంటే చెప్పింది. తీర్పు వచ్చిన నెలకే సార్ ఆమె ఊరు వెళ్ళారట. ఆమె మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారీ తీయలేదు. మూడోసారి అరుగు మీద కూర్చోనిచ్చింది. కాల్చినవాళ్ళెవరో తెలుసుకోవడానికి ఆయన చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారు. తెలియలేదు. మగడు పోయాక మరుదులు కాజేసిన ఆమె భూమి కాగితాలను మాత్రం ఆయనే చదివి, అర్జీలు రాయించి, నాలుగేళ్ళు తిరిగి ఆమె పేరున పట్టా చేయించారు.

"అయితే ఆయన మాట నమ్మినవా?" అని అడిగాను. "కోర్టుల చెప్పిన మాట?"

బాలమ్మ గిన్నె తోమడం ఆపలేదు.

"గప్పుడు నమ్మలే. ఇప్పుడు సుత నా కండ్లకు వాడే కనవడ్తడు. ఏం చెయ్యాలె? గని ఈ సాయిబు నా ఇంటికి పదకొండు సార్లు వచ్చిండు. తిట్టిన, ఉమ్మిన, అయినా వచ్చిండు. అబద్ధం చెప్పినోడు ఒక్కసారి సుత నా మొకం చూడనీకి రాడు గదమ్మా."

గిన్నెలు బోర్లించి, బిందె చంకనెత్తుకుని ఆమె నీళ్ళకు వెళ్ళింది. లోపల నుంచి జైతున్ బీ, "బాలమ్మా, ఎండ గుంజుతున్నది, జెర నెత్తి మీద కొంగేసుకో," అని కేకేసింది.